లోపం మందులో కాదు, వాడకంలో

సంపాదకులకు,

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా బ్లీచింగ్‌కూ లొంగదన్న అభిప్రాయం మీ గత సంచిక వ్యాసం వల్ల కలుగుతోంది. అది సరికాదు. యాంటీబయాటిక్ సాధారణంగా బ్యాక్టీరియాలో ఏదో ఒక చోటే దెబ్బకొడుతుంది. ఆ చోటు కాస్త మారితే మందు పారదు. క్లోరిన్, ఆల్కహాల్ అలా కాదు. ప్రొటీన్లను, కణపొరను ఒకేసారి ధ్వంసం చేస్తాయి. అందుకే మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే స్టఫైలోకాకస్ బ్యాక్టీరియా కూడా సరైన గాఢతలో వాడితే వాటికి చస్తుంది.

మెల్‌బోర్న్ ఆసుపత్రుల్లో 2010 తర్వాత దొరికిన ఎంటరోకాకస్ ఫీసియం అనే బ్యాక్టీరియా, పాత రకాలకన్నా ఆల్కహాల్‌ను ఎక్కువగా తట్టుకుంటోందని 2018లో తేలింది కదా అనవచ్చు. నిజమే. అయితే దాని సారం ఒక్క ఆల్కహాల్‌నే నమ్ముకోవద్దని, క్రిమిసంహారకాలన్నీ దండగ అని కాదు. క్లాస్ట్రిడియోయిడ్స్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్ల (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాల) మీద ఆల్కహాల్ ఎన్నడూ పనిచేయలేదు. అక్కడ చేతులకు సబ్బునీళ్లు, గచ్చుకు క్లోరిన్ కావాలి. మందు సరైనదైనా వాడే తీరు కుదరాలి. రక్తం, చీము తుడవకుండా బ్లీచింగ్ నీళ్లు చల్లితే క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది. మంచం పట్టీని తడిపిన మరుక్షణమే పొడిగుడ్డతో తుడిచేస్తే ఏ మందైనా ఏం చేస్తుంది? ముందు కడగడం, కొలిచి కలపడం, చెప్పినంతసేపు తడిగా ఉంచడం: ఆసుపత్రుల తనిఖీల్లో ముందుగా ఈ మూడింటినే చూడాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు