పేపర్ అచ్చయింది సరే, చదివిందెవరు?

ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూ అయిపోగానే క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజ్ తిరుగుతుంది. ‘48 గంటల్లో పబ్లికేషన్, ఫీజు 1500 మాత్రమే, టీమ్‌లో అందరికీ విడివిడిగా సర్టిఫికెట్లు.’ నలుగురూ తలా కొంత వేసుకుని కట్టేస్తారు. రెజ్యూమెలో ‘ఇంటర్నేషనల్ జర్నల్‌లో ప్రచురణ’ అనే లైను చేరుతుంది. మీరూ ఆ ఆలోచనలో ఉంటే కాస్త ఆగండి.

ఆ లైను కనిపిస్తే నేనైతే అడిగేది ఒక్కటే: ‘రివ్యూయర్లు ఏమన్నారు?’ రెండు రోజుల్లో అచ్చయిన పేపర్‌ను ఎవరూ చదవలేదు కాబట్టి, మీ దగ్గర జవాబు ఉండదు. అప్పుడు అనుమానం ఆ లైనుతో ఆగదు, రెజ్యూమె మొత్తం మీదికి పాకుతుంది.

‘ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా సార్’ అంటారు. అది పత్రికను గుర్తుపట్టడానికిచ్చే 8 అంకెల నంబరు, అంతే. బండికి నంబర్ ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టా? ‘యూజీసీ-కేర్ జర్నల్’ అన్న మాటా అంతే. ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే నిలిపేసింది.

ఈ వ్యాపారం కొత్తదేం కాదు. జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే తప్పులు పెట్టి రాసిన ఉత్తుత్తి పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. 2013లో ‘సైన్స్’ పత్రిక ఆ సంగతి బయటపెట్టింది. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఓ ప్రచురణ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. అలాగని ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ మోసం కాదు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లూ తీసుకుంటాయి, కాకపోతే రివ్యూ సక్రమంగా జరిపాకే. చందాలతో నడిచే చాలా జర్నళ్లలో రచయిత పైసా కట్టక్కర్లేదు.

మీ ప్రాజెక్టులో నిజంగా కొత్త ఫలితం ఉంటే దర్జాగా పంపండి. ముందు ఆ జర్నల్ తాజా సంచికలు రెండు తిరగేయండి. మీ టాపిక్ దరిదాపుల్లో ఒక్క వ్యాసమూ లేకపోతే అది మీ చోటు కాదు. గైడ్‌తో మాట్లాడి, పేర్లు ఏ వరసలో ఉండాలో పంపకముందే తేల్చుకోండి (స్నేహాలు చెడేది ఇక్కడే). ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు చోట్లకు పంపకూడదు.

నా మొదటి పేపర్ తొమ్మిది రోజుల్లో తిరిగొచ్చింది. రివ్యూయర్ల దాకా వెళ్లనేలేదు, ‘మా పరిధిలోది కాదు’ అని ఎడిటరే తిప్పిపంపారు. రెండోచోట నాలుగు నెలల తర్వాత మూడు పేజీల కామెంట్లు వచ్చాయి. ‘ఈ గ్రాఫులో ఎర్రర్ బార్లు ఏవి?’ అని ఓ రివ్యూయర్ అడిగారు. ఒళ్లు మండింది. తీరా చూస్తే ఒక్కో రీడింగ్ ఒక్కసారే తీసుకున్నాం! ల్యాబ్‌లో మళ్లీ పదిహేను రోజులు కూర్చున్నాం. తర్వాత ఏ ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించి అడిగినా ఆ పదిహేను రోజుల సంగతే చెప్పేవాణ్ని, వాళ్లూ ఆసక్తిగా వినేవాళ్లు.

ప్లేస్‌మెంట్ల లోపు జర్నల్ నుంచి జవాబు రాకపోవచ్చు. రెజ్యూమెలో ‘అండర్ రివ్యూ’ అని రాయండి, తప్పేం లేదు. పంపని పేపర్‌కు మాత్రం ఆ మాట వాడొద్దు. మాన్యుస్క్రిప్ట్ నంబరు చెప్పమని అడిగేవాళ్లూ ఉంటారు.