పండగ తిరుగు ప్రయాణంలో ఎవరి ప్రాణం?

సంక్రాంతి అంటే కృష్ణా దిగువ డెల్టాలో ధాన్యం ఇంటికొచ్చే పండగ. కూతురూ అల్లుడూ పిల్లలతో వచ్చే పండగ. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు వచ్చే బస్సులన్నీ కిటకిటలాడతాయి. ఇళ్లల్లో గొబ్బెమ్మలు, పిండివంటలు. ఊరి చివర కోడిపందాల బరులు, పేకాట, సీసాలు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్లిన ఆడవాళ్లు రాత్రికిగానీ బయటికి రారు. బరుల దగ్గరికి వెళ్లిన మగవాళ్లు రాత్రికిగానీ ఇంటికి రారు. ఆ వచ్చేవాళ్లు ఏ స్థితిలో బండి నడుపుకుంటూ వస్తున్నారన్నది ఈసారి మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

తాగొచ్చిన మగవాడు ఇంట్లో ఏం చేస్తాడో మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధాన్నీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్నీ తెచ్చింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. అప్పట్నుంచీ విధానాలు మారుతూనే ఉన్నాయి. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాయి. మారనిది ఒక్కటే, తాగుడు ఖర్చు ఆడవాళ్ల లెక్కలో పడటం. మనం ఆ ఖర్చును ఇంట్లో తగలే దెబ్బల్లో, ఖాళీ అయిన కూలి డబ్బుల్లో చూశాం. రోడ్డు మీద అంతగా చూడలేదు.

మన రోడ్లు ఎలాంటివి? చాలాచోట్ల ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం. దివిసీమలో కాలవ గట్టే రోడ్డు. జనవరిలో తెల్లవారుజామున పొగమంచు. అటువంటి దారిలో అత్తారింట్లో మర్యాదల పేరుతో తాగించిన అల్లుడు మోటారు సైకిలు తీస్తాడు. ముందు పెద్దపిల్ల, వెనక చంకలో చంటిబిడ్డతో భార్య. ఆమెకు హెల్మెట్ ఉండదు. అతను తాగాడని ఆమెకు తెలుసు. అయినా ఎక్కుతుంది. 'నేనెక్కను' అంటే నలుగురిలో మొగుడి పరువు తీసినట్టు. పండగపూట గొడవ పెట్టుకున్నట్టు. తల్లి కూడా 'ఏం కాదులేమ్మా, ఎక్కు' అంటుంది. ఇది ఆమె అజాగ్రత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోగలమా?

రోడ్డు భద్రతా ప్రచారాల్లో తరచూ వినే మాట, 'మీ ఇంట్లో మీకోసం ఎదురుచూస్తున్నారు' అని. మంచి మాటే. కానీ ఎదురుచూసే మనిషికి ఆపే అధికారం ఎవరిచ్చారు? తాళం లాక్కుంటే దెబ్బలు తినేది ఆమే. ప్రమాదం జరిగాక 'నువ్వైనా ఆపలేకపోయావా' అనిపించుకునేదీ ఆమే.

చట్టం ఏమంటోందో తెలుసుకుందాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా బండి నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, పదిహేనువేల జరిమానా. 188వ సెక్షను ప్రకారం ఈ నేరాన్ని ప్రోత్సహించిన వాళ్లూ శిక్షార్హులే. తాగించి, తాళం చేతిలో పెట్టి సాగనంపేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరణం తర్వాత మాటేమిటి? యజమానే నడిపేటప్పుడు వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా, తాగి ఉంటే వర్తించదు. సొంత అతివేగం, నిర్లక్ష్యం వల్ల చనిపోయిన వ్యక్తి కుటుంబానికి బీమా సంస్థ పరిహారం ఇవ్వనక్కర్లేదన్న తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జులైలో సుప్రీంకోర్టు నిరాకరించింది. అంటే తాగింది అతను, అప్పులూ పిల్లలూ మిగిలేది ఆమెకు. ఇక పండగతో సంబంధం లేకుండా కూలిపని నుంచి ఆటోలో ఇంటికొచ్చే ఆడవాళ్లకు, రోడ్డు పక్కన నడిచిపోయే ముసలమ్మకు చేయని తప్పుకు శిక్ష.

ఒక చేత్తో మద్యం ఆదాయం లెక్కపెట్టుకుంటూ, ఇంకో చేత్తో శ్వాసపరీక్ష యంత్రం పట్టుకుంటే ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఆ తనిఖీ కూడా మోపెడ్ మీద వెళ్లే కూలివాడికే పరిమితమై, పందేల బరుల నుంచి వచ్చే పెద్దల కార్లను వదిలేస్తే అది న్యాయం కాదు. 1974 నాటి జూద నిరోధక చట్టం ఉండగా, జంతుహింస నిరోధక చట్టం ఉండగా బరులు వెలుస్తున్నాయంటే, ఎవరి అండతోనో మనకు తెలియంది కాదు.

అందుకే పండగకి ముందే మన సంఘాలు కదలాలి. బరులకు వెళ్లే దారుల్లో, భోగి నుంచి ముక్కనుమ దాకా తనిఖీలు పెట్టమని పోలీసుల్ని రాతపూర్వకంగా అడగాలి. ఊళ్లో బెల్టు షాపుల జాబితా రాసి జిల్లా అధికారులకు ఇవ్వాలి. గుడివాడ, బందరు, అవనిగడ్డల మధ్య పండగ రాత్రుళ్లు అదనపు బస్సులు కావాలని ఆర్టీసీని కోరాలి. బస్సు ఉంటే ఆమెకు ఆ బండి ఎక్కకుండా ఉండే దారి దొరుకుతుంది.

ఇవి బయట చేయాల్సినవి. ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. కూతురు 'నేనీ బండి ఎక్కను' అన్నప్పుడు తల్లి, అత్త, వదిన, పక్కింటి పిన్నీ ఆమె పక్కన నిలబడాలి. ఒక్కతే అంటే గొడవ. నలుగురూ కలిసి అంటే అది ఆ ఇంటి కట్టుబాటు అవుతుంది. సారా దుకాణాలు మూయించినప్పుడు కూడా ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లలేదు కదా!