సవ్యసాచికి చోటేది?

తెలుగు పంతులుకు క్రికెట్టు ఊసెందుకని నవ్వుకోవద్దు. ఐపీఎల్‌లో 2023లో ప్రవేశపెట్టిన ‘ఇంపాక్ట్ ప్లేయర్’ నిబంధనపై నాకు బలమైన అభ్యంతరమే ఉన్నది. పదకొండుగురితోబాటు మరి ఐదుగురి పేర్లిచ్చి, వారిలో ఒకరిని ఆట నడుమ దింపవచ్చును. ఆ మార్చి 31న తొలి మ్యాచ్‌లోనే మన అంబటి రాయుడు బ్యాటింగు ముగించి తప్పుకోగా, అతని స్థానంలో తుషార్ దేశ్‌పాండే వచ్చి బంతి పట్టాడు.

అమెరికావారి బేస్‌బాల్‌లో ఇది పాత తగవే. బంతి విసిరేవానికి బదులు బ్యాటు పట్టడానికే వేరొకరిని నియమించే పద్ధతిని అమెరికన్ లీగ్ 1973లో స్వీకరించింది. నేషనల్ లీగ్ దశాబ్దాల తరబడి బెట్టు చేసి, 2022లో శాశ్వతంగా ఒప్పుకొన్నది. విచిత్రమేమంటే, రెండు విద్యలూ వచ్చిన షోహెయ్ ఒహ్తానీ వంటివానికోసం అదే ఏడు ఆ నిబంధనను మళ్లీ సవరించవలసి వచ్చింది!

ఆల్‌రౌండరుకు సవ్యసాచి కంటె తగిన తెలుగుమాట నాకు తోచలేదు. (సంస్కృతమే కదా అంటారేమో, కానివ్వండి.) ఈ నిబంధన దెబ్బ తగిలేది సవ్యసాచికే. శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్ వంటివారికి బౌలింగు దక్కడం లేదని రోహిత్ శర్మ 2024లో బాహాటంగానే అన్నాడు. మా కడప, కర్నూలు పల్లెల్లో ఎండిన చెరువులో కంప తొలగించి ఆడుకొనే పిల్లలు పట్టుమని పదిమంది ఉండరు. అందరూ అన్నీ చేయవలసిందే. అట్లా అబ్బిన విద్యలో సగం చాలునని పెద్ద ఆట చెబితే ఆ పిల్లవాడు ఏది వదులుకోవాలి?

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టు చూశారా? ఎనిమిదవవాడుగా దిగిన విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా సున్నాకు వెనుదిరిగాడు. మిగిలినవాడు పదకొండవవాడు, హైదరాబాదు సిరాజ్. కమిన్స్ వేసిన మూడు బంతులను అతడు ఎట్లాగో కాచుకొన్నాడు. తరువాత బోలాండ్ బంతిని నితీశ్ బౌండరీకి తరలించి శతకం పూర్తిచేశాడు. బ్యాటింగు రానివానికి బదులు వచ్చినవాడు నిలబడి ఉంటే, ఆ మూడు బంతులకు మనం ఊపిరి బిగబట్టేవారమా?

అదనంగా ఒక భారతీయునికి అవకాశం దొరకుతున్నదన్న వాదం కాదనను. కాని దేశవాళీ ముస్తాక్ అలీ పోటీలో ఈ నిబంధనను 2024లో తొలగించిన బోర్డే, ఐపీఎల్‌లో 2027 వరకు కొనసాగిస్తామన్నది. అక్కడ పనికిరానిది ఇక్కడ ఎట్లు పనికివచ్చినదో వారే చెప్పాలి.