వారంటీ హైదరాబాద్‌లో ఉంటే ఆదిలాబాద్‌కేం లాభం?

లాప్‌టాప్ కొనేటప్పుడు మనం అడిగేవి నాలుగే ప్రశ్నలు. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత, బ్యాగు ఫ్రీయేనా? వారంటీ గురించి అడిగితే కౌంటర్ వెనకాల అన్న ‘వన్ ఇయర్’ అంటాడు, మనం తలూపుతాం. ఆ వన్ ఇయర్ ఏ ఊళ్లో పనిచేస్తుందో మాత్రం అడగం.

కీబోర్డు పాడైతే బయటి కీబోర్డు పెట్టుకుని నెట్టుకురావచ్చు. మదర్‌బోర్డు పోతే అలా కుదరదు. అదీ ఫైనలియర్‌లో, ఆన్‌లైన్ టెస్టులు వరుసగా ఉన్న నెలలో పోయిందంటే రిపేరు ఖర్చు చిన్న సంగతే, అసలు నష్టం చేజారిన ఇంటర్వ్యూలది. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఉట్నూరు పిల్లల నుంచి నాకొచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘అన్నా, పవర్ లైట్ వస్తది, స్క్రీన్ రాదు. సర్వీస్ సెంటర్ల ఇచ్చి ఇరవై రోజులైతంది. పార్ట్ రాలేదంటున్నరు.’

కరీంనగర్ కాస్త నయం. హైదరాబాద్ 160 కిలోమీటర్ల చిల్లరే కాబట్టి పొద్దున బస్సెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. ఆదిలాబాద్ నుంచి అయితే సుమారు 300 కిలోమీటర్లు. లాప్‌టాప్ ఇవ్వడానికోసారి, తెచ్చుకోవడానికోసారి, ‘మళ్లీ అదే ప్రాబ్లెమ్’ అని ఇంకోసారి. రెండు ఊళ్లవాళ్లూ కట్టింది ఒకే ధర. ఒకరికి దొరికే సర్వీసు ఇంకొకరికి దొరకదు. కంపెనీలు దీన్ని డబ్బా మీద ఎక్కడా రాయవు. అమ్మే ముందే ‘మీ పిన్‌కోడ్‌కు ఇంజినీర్ వస్తాడు’ లేదా ‘రాడు’ అని బిల్లు మీద రాయాలని నేనంటాను. అలా రాసే రోజు వచ్చేదాకా ఆ పని మనమే చేసుకోవాలి. కొనే ముందే కంపెనీ కస్టమర్ కేర్‌కు మీ పిన్‌కోడ్ చెప్పి, ఆన్‌సైట్ వారంటీనా, క్యారీ-ఇన్ వారంటీనా అని మెయిల్‌లో అడగండి. ఆన్‌సైట్ అంటే ఇంజినీర్ ఇంటికొస్తాడు. క్యారీ-ఇన్ అంటే మోసేది మీరే. ఆ జవాబు మెయిల్‌ను బిల్లుతో పాటు దాచుకోండి.

ఇక సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న: ‘నీళ్లేమన్నా పడ్డయా?’ బోర్డు పోయిందంటే తప్పు మనదే అన్నట్టు. నీళ్లు, కరెంటు హెచ్చుతగ్గులు, దుమ్ము, వేడి బోర్డులను చంపే మాట నిజమే. కానీ ఫ్యాక్టరీలోనే చెడి వచ్చే బోర్డులూ ఉంటాయి, పెద్ద పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2011 జనవరి 31న ఇంటెల్ తన కొత్త చిప్‌సెట్‌లో లోపం ఉందని తనే ప్రకటించింది. కాలం గడిచేకొద్దీ హార్డ్‌డిస్క్ తగిలించే కొన్ని పోర్టులు బలహీనపడతాయని చెప్పి సరఫరా ఆపేసింది. రిపేర్లు, మార్పిళ్లకు సుమారు 70 కోట్ల డాలర్లు అవుతుందని లెక్క చెప్పింది. దానికి కొన్నేళ్ల ముందు డెల్ కథ వేరు. 2003-05 మధ్య అమ్మిన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. కంపెనీ 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టి బోర్డులు మార్చింది. కానీ కస్టమర్ అడగకుండా ఈ విషయం ఎత్తొద్దని సిబ్బందికి చెప్పినట్టు 2010లో బయటికొచ్చిన కోర్టు పత్రాల్లో తేలింది.

అందుకే ‘లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు’ అని నోటిమాటగా అంటే తలదించుకుని రావద్దు. బోర్డు మీద ఎక్కడ తడిసిందో ఫొటో అడగండి, రాతపూర్వకంగా ఇమ్మనండి. లాప్‌టాప్ ఇచ్చే ముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి, జాబ్‌షీట్‌లో ‘గీతలు లేవు, పగుళ్లు లేవు’ అని రాయించుకోండి.

ఇంకొకటి, దీని గురించి చాలామందికి తెలియదు. చాలా విండోస్ 11 లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బోర్డు మారాక అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మామూలుగా ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. లాప్‌టాప్ బాగున్నప్పుడే తీసి నోట్‌బుక్‌లో రాసుకోండి. లేకపోతే కొత్త బోర్డు వచ్చినా ప్రాజెక్టు ఫైళ్లు రావు. బోర్డు మార్చి ఇచ్చాక అందులో మీ పాత సీరియల్ నంబరే ఎక్కించారో లేదో కూడా చూసుకోవాలి. తేడా ఉంటే తర్వాతి వారంటీ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

వినకపోతే? ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఉట్నూరు పిల్లవాడు బెంగళూరు కంపెనీ మీద ఆదిలాబాద్‌లోనే ఫిర్యాదు చేయొచ్చన్నమాట. సరుకుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. మూడు నెలల్లో, సరుకును పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్తోంది. ప్రతిసారీ అంత తొందరగా తేలుతుందని ఆశపడొద్దు. అయినా ఫిర్యాదు కాపీ కంపెనీకి చేరాక ‘పార్ట్ రాలేదు’ అనే మాట మారడానికి అవకాశం ఎక్కువ.

కాలేజీలనూ ఒకటి అడగాలి. ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత తీసి, పరీక్షల సీజన్‌లో అరువిచ్చేందుకు అయిదారు లాప్‌టాప్‌లు ఉంచితే ఏం పోతుంది? ఫైనలియర్ వాళ్లు కలిసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాస్తే కాదనడం కష్టం.

వారంటీ అయిపోయిన వాళ్లకు కథ ఇంకోలా ఉంటుంది. సర్వీస్ సెంటర్లలో సాధారణంగా బోర్డు మొత్తం మార్చడమే తప్ప దాని మీద పోయిన ఒక్క పార్టును మార్చరు. కొటేషన్ చూస్తే కొత్తది కొనడమే మేలనిపిస్తుంది. అక్కడే ఆగకుండా ఊళ్లో చిప్ లెవెల్ పని తెలిసిన వాళ్ల దగ్గరికి వెళ్లండి. మాస్‌ఫెట్ ఒకటి షార్టయిందో, బయోస్ కరప్టయిందో మీటర్ పెట్టి చూసి చెప్తారు. ఒకే ఒక్క జాగ్రత్త: వారంటీ ఉండగా మాత్రం బయటివాళ్లతో విప్పించొద్దు. ఈసీఈ, ఈఈఈ వాళ్లయితే పక్కన కూర్చుని చూస్తామని అడగండి. స్కీమాటిక్ ముందు పెట్టుకుని వోల్టేజ్ ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అని వాళ్లు వెతికే తీరు మన ల్యాబ్ రికార్డుల్లో దొరకదు.