పాత ప్రోగ్రాం వదలండి, లెక్క సరిపోయాకే

"నడుస్తోంది కదా, ఇప్పుడు కదిపితే ఏమవుతుందో!" విజువల్ బేసిక్ 6లో రాయించుకున్న ప్రోగ్రాం మీద ఇరవై ఏళ్లుగా బిల్లులు, జీతాలు, డిపాజిట్లు నడుపుతున్న ఆఫీసుల్లో వినబడే మాట ఇది. ఆ భయం అర్థం లేనిది కాదు. అయినా ఇక వాయిదా వేయడానికి వీల్లేదు. అంతకన్నా గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. ఏళ్ల తరబడి వాయిదా వేసి, చివరికి శనివారం సాయంత్రం పాతది పీకేసి సోమవారం పొద్దున కొత్తది పెట్టేయడం ఆ వాయిదా కన్నా పెద్ద ప్రమాదం.

విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. తెర మీద నాలుగు బటన్లు పెట్టి, వెనక ఒక యాక్సెస్ డేటాబేస్ ఫైలు తగిలిస్తే చిన్న దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రాం తయారయ్యేది. హైదరాబాద్ అమీర్‌పేటలో ఆ కోర్సు నేర్చుకుని బతుకు దిద్దుకున్న కుర్రాళ్లు ఎందరో. దాని స్థానంలో 2002లో మైక్రోసాఫ్ట్ డాట్ నెట్ తెచ్చింది. 2008 ఏప్రిల్‌లో పాత విజువల్ బేసిక్‌తో ప్రోగ్రాములు తయారుచేసే సాధనానికి మద్దతు పూర్తిగా ఆపేసింది. అప్పటికే తయారైన ప్రోగ్రాములు మాత్రం విండోస్ 11లోనూ నడుస్తాయి. మనల్ని నిద్రపుచ్చుతున్నది ఇదే. నడవడం వేరు, రిపేరు చేయగలగడం వేరు. రాసినతను ఎక్కడున్నాడో తెలియదు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరుందో తెలియదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో ఆఫీసులు కొత్త కంప్యూటర్లు కొంటున్నాయి. పాత ప్రోగ్రాంకు కావాల్సిన ఓసీఎక్స్ ఫైలు (తెర మీది భాగాలను నడిపేది) ఒక్కటి దొరక్కపోయినా ఆ రోజు కౌంటర్ మూసుకోవాల్సిందే.

గడువు ఒకటి ముంచుకొస్తోంది కూడా. సంవత్సరాన్ని రెండంకెల్లో కొడితే, విండోస్ పాత అలవాటు ప్రకారం 00 నుంచి 29 వరకు 2000-2029గా, 30 నుంచి 99 వరకు 1930-1999గా లెక్కపడుతుంది. 2025లో వేసిన ఐదేళ్ల డిపాజిట్ గడువు తేదీని '30' అని కొట్టి చూడండి. సెట్టింగు మార్చని చోట అది 1930లోనే తీరిపోయిన డిపాజిట్ అవుతుంది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఈ రోజే చేయండి.

ఇక మార్పిడి సంగతి. పాత కోడ్‌ను డాట్ నెట్‌లోకి మార్చే విజర్డ్ ఒకటి విజువల్ స్టూడియోలో ఉండేది. 2010 వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. ఉన్న రోజుల్లోనూ అది తనకు చేతకాని చోటల్లా హెచ్చరిక రాసి వదిలేసేది. చేత్తో తిరగరాస్తే ఇబ్బంది మరో రకం. ఒక సబ్‌రొటీన్‌కు బిల్లు మొత్తం పంపి, అందులో డిస్కౌంట్ తీసేశారనుకోండి. పాత విజువల్ బేసిక్‌లో వేరే ఏమీ చెప్పకపోతే అసలు మొత్తమే మారుతుంది. డాట్ నెట్‌లో చెప్పకపోతే నకలు మాత్రమే వెళుతుంది. లోపల డిస్కౌంట్ తీస్తారు, బయట బిల్లు అలాగే ఉంటుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు. కస్టమర్ డబ్బు కట్టి వెళ్లిపోతాడు.

పైసల సర్దుబాటూ అంతే. పాత ప్రోగ్రాంలో రౌండ్ చేస్తే రెండున్నర రూపాయలు రెండవుతుంది. అదే లెక్కను కొత్త డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు అప్పగిస్తే మూడవుతుంది. రెండూ తప్పు కాదు, పద్ధతులు వేరు. కానీ వేల ఖాతాల వడ్డీలో ఈ తేడా కలిస్తే ఆడిటర్‌కు సమాధానం చెప్పాల్సింది మీరు, ప్రోగ్రామర్ కాదు.

తెలుగువారికి మరో చిక్కుంది. పాత విజువల్ బేసిక్ పెట్టెలు యూనికోడ్ తెలుగు చూపించలేవు. అందుకని పేర్లను ప్రత్యేక ఫాంట్లలో కొట్టేవారు. తెర మీద 'వెంకటేశ్వర్లు' అని కనిపించినా, ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. కొత్త ప్రోగ్రాంలోకి ఆ డేటాను అలాగే పోస్తే పేర్లు పిచ్చిగీతలవుతాయి. ఏ ఫాంటులో కొట్టారో తెలుసుకుని, దానికి తగిన కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, గుణింతాలు మనిషి కళ్లతో సరిచూడాలి. పింఛను జాబితాలో పేరు చెడితే ఆగేది ఒక ముసలమ్మ నెల తిండి.

ఒక్కసారిగా దూకితే ఏమవుతుందో పెద్ద బ్యాంకులే చూపించాయి. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఖాతాలన్నిటినీ కొత్త సిస్టమ్‌కు మార్చింది. 19 లక్షల మంది దాకా తమ ఖాతాలు తెరవలేకపోయారు. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. అంత డబ్బు, అంతమంది ఇంజినీర్లు ఉన్నవాళ్లకే అలా జరిగింది.

కాబట్టి వరస తప్పకండి. ముందు డేటా ఫైలు మూడు నకళ్లు తీయండి. ఒకటి ఆఫీసు బయట ఉంచి, తెరుచుకుంటోందో లేదో చూడండి. సోర్స్ కోడ్ వెతికి భద్రం చేయండి. కౌంటర్‌లో ఏళ్లుగా కూర్చున్న గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రోగ్రాం చేసే ప్రతి లెక్కనూ కాగితం మీద రాయించండి. ఎక్కడా రాయని నిబంధనలు తెలిసింది ఆయనకే. కొత్తది వచ్చాక కనీసం ఒక నెలాఖరు, వీలైతే ఒక మార్చి ముగింపు రెండింటినీ పక్కపక్కన నడపండి. ప్రతి సాయంత్రం రెండు మొత్తాలూ పైసాతో సహా సరిచూడండి. కొత్త ప్రోగ్రాం రాసేవారితో ఒప్పందంలో సోర్స్ కోడ్, డేటా రెండూ మీవేనని రాయించుకోండి. సోర్స్ కోడ్ అడగని అప్పటి తప్పు మళ్లీ చేయకండి.

ప్రోగ్రామర్లకూ ఒక మనవి. గడువు తరుముతోందని రెండింటినీ పక్కపక్కన నడిపే ప్యారలల్ రన్ ఎత్తేయకండి. యజమాని ఒత్తిడి చేసినా కాదని చెప్పండి. రెండు ప్రోగ్రాముల మొత్తాలూ సరిపోయేదాకా పాత కంప్యూటర్ ప్లగ్గు పీకకండి.