కుర్చీ ఇచ్చాం సరే, గాలి ఎవరు కొడతారు?



మన ఇళ్లలో మోటారు సైకిలు ఉంటే దాన్ని చూసుకునే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుస్తారు, టైరు నొక్కి చూస్తారు, బ్రేకు పట్టకపోతే ఆ రోజే మెకానిక్ దగ్గరకు తీసుకెళతారు. అదే ఇంట్లో వీల్‌చైర్ ఉంటే దాన్ని అలా చూసుకునే మనిషి మాత్రం కనిపించరు. గాలి తగ్గినా, బ్రేకు జారుతున్నా, సీటు జోలెలా కుంగిపోయినా "నడుస్తోంది కదా" అని ఊరుకుంటాం. లేచి నిలబడలేని మనిషి ఆ కుర్చీనే నమ్ముకుని కూర్చున్నాడన్న మాట మరచిపోతాం.

ముప్పై ఏళ్లుగా వార్డుల్లో పనిచేస్తున్న నర్సుగా నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కుర్చీ కొనివ్వడం సగం పని మాత్రమే. దాన్ని వాడడం నేర్పడం, బాగోగులు చూడడం మిగతా సగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వీల్‌చైర్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. మనిషికి తగిన కుర్చీని ఎంపిక చేయడం, అతనికి సరిపోయేలా అమర్చడం, వాడకం నేర్పడం, ఆ తర్వాత కూడా గమనిస్తూ ఉండడం అనే నాలుగు మెట్లు అందులో ఉన్నాయి. మనం మొదటి మెట్టు దగ్గరే, ఫోటో దిగి ఆగిపోతున్నాం.

బ్రేకు గురించి ముందుగా

వీల్‌చైర్ బ్రేకు బండి బ్రేకు లాంటిది కాదు. నడుస్తున్న కుర్చీని ఆపడానికి దాన్ని వాడకూడదు. ఆగిన కుర్చీ కదలకుండా పట్టి ఉంచడమే దాని పని. చాలా కుర్చీలలో ఆ బ్రేకు నేరుగా టైరును నొక్కి పట్టుకుంటుంది. టైరులో గాలి తగ్గితే బ్రేకుకు పట్టు దొరకదు. అందుకే, బ్రేకు పాడైందని చాలామంది అనుకునే చోట అసలు లోపం గాలిదే అయి ఉంటుంది. రెండు వైపులా బ్రేకు వేసి కుర్చీని ముందుకు తోసి చూడండి. ఏ మాత్రం కదిలినా ఆ కుర్చీలోకి మనిషిని దించకండి.

మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి మంచం మీదికి మారేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. కుర్చీని మంచానికి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పెట్టండి. పక్షవాతం వచ్చిన వారికైతే బలంగా ఉన్న చేతి వైపు పెట్టండి. రెండు బ్రేకులు వేయండి. పాదాల పలకలను పైకి మడవండి. ఆ పలకల మీద కాలు మోపి లేవబోతే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగకండి, చంకల కింద చేతులు వేసి ఎత్తకండి. భుజం కీలు జారితే ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

కింద పడిన వస్తువు కోసం మోకాళ్ల మధ్య నుంచి ముందుకు వంగడం మంచిది కాదు. కుర్చీని ఆ వస్తువు పక్కకు తెచ్చుకుని, బ్రేకు వేసి, పక్క నుంచి అందుకోవాలి.

వాలు, మెట్టు, చీర కొంగు

వాలుగా ఉన్న చోట దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పండి. తోసేవారు కింద వైపు ఉండాలి, కూర్చున్న వారి ముఖం పైవైపు ఉండాలి. అప్పుడు మనిషి ముందుకు జారిపోడు. ఒక్క మెట్టు దిగాలన్నా ఇదే పద్ధతి, పెద్ద చక్రాలు ముందు దిగాలి. మెట్టు ఎక్కేటప్పుడు వెనక కింద ఉన్న గొట్టాన్ని కాలితో తొక్కి, ముందు చిన్న చక్రాలను పైకి లేపి మెట్టు మీద పెట్టి, తర్వాత పెద్ద చక్రాలను ఎక్కించండి. వరుసగా మెట్లు ఉంటే కనీసం ఇద్దరు బలమైన వారు కావాలి. పట్టుకునేది ఊడిరాని ఫ్రేమునే పట్టుకోవాలి. చేతులు ఆనించే కడ్డీలు, పాదాల పలకలు పట్టుకుని ఎత్తితే అవి ఊడి చేతికి వచ్చేస్తాయి.

చీర కొంగు, చున్నీ, పంచె అంచు, దుప్పటి చక్రం పుల్లల్లో చుట్టుకోకుండా ఒడిలోకి సర్దండి. మూత్రపు గొట్టం ఉన్నవారికి ఆ బ్యాగు పొత్తికడుపు కంటే కిందనే ఉండాలి, కానీ నేలకు, చక్రానికి తగలకూడదు. బరువు సంచులు వెనక పిడులకు తగిలించకండి. ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువుకు కుర్చీ వెనక్కి పడిపోతుంది.

కనిపించని ప్రమాదం

కింద పడితే అందరికీ తెలుస్తుంది. కూర్చున్న చోట లోలోపల మొదలయ్యే పుండు ఎవరికీ తెలియదు. వెన్నుపూస దెబ్బతిన్న వారికి అక్కడ స్పర్శే ఉండదు. రెగ్జిన్ సీటు కుంగితే బరువంతా పిరుదుల ఎముకల మీద, తుంటి మీద పడుతుంది. కాబట్టి రోజంతా కుర్చీలో గడిపే వారికి మంచి స్పాంజి దిండు తప్పనిసరి. వేలితో నొక్కి వదిలితే అది తిరిగి పైకి లేవాలి. లేవకపోతే మార్చవలసిందే. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగు వాడకండి. దాని అంచు చుట్టూ ఒత్తిడి పెంచి రక్తప్రసరణను తగ్గిస్తుంది.

ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి బరువు మార్చాలి. చేతుల్లో బలం ఉన్నవారు చేతుల మీద ఆని పైకి లేవవచ్చు. లేనివారిని ఒకరు పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు ముందుకో, పక్కకో వంచాలి. రోజూ రాత్రి పడుకునే ముందు పిరుదులు, తుంటి, మడమలు చూడండి. మన ఒంటి రంగుకు ఎరుపు సరిగ్గా కనిపించకపోవచ్చు. ఒక చోట చర్మం నల్లబడినా, వేడిగా, గట్టిగా తగిలినా అనుమానించండి. ఆ చోటు మీద బరువు పడకుండా పడుకోబెట్టి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. పుండు తెరుచుకున్నాక మానడానికి నెలలు పడుతుంది.

వారానికి పావుగంట

మరమ్మతు అనగానే భయపడనక్కరలేదు. పెద్ద చక్రం సైకిలు చక్రం లాంటిదే. గాలి, పంక్చరు, వదులైన పుల్లలు, నట్లు మన ఊరి సైకిలు షాపులో సరిచేస్తారు.

రోజూ: కూర్చోబోయే ముందు రెండు బ్రేకులు, పాదాల పలకలు, దిండు చూడండి. తడిసి ఉంటే ఆరిన గుడ్డతో తుడవండి.

వారానికోసారి: బొటనవేలితో టైరు గట్టిగా నొక్కండి. కొంచెం కుంగితే సరే, మెత్తగా లోపలికి పోతే గాలి కొట్టించండి. ఎంత గాలి ఉండాలో చాలా టైర్ల పక్కనే రాసి ఉంటుంది. రెండు వైపులా సమానంగా లేకపోతే కుర్చీ ఒక పక్కకు లాగుతుంది. గాలి అక్కరలేని గట్టి టైరు అయితే పగుళ్లు ఉన్నాయా, రింగు నుంచి ఊడివస్తోందా చూడండి. ముందు చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసేయండి. కుర్చీ బరువుగా నడవడానికి చాలాసార్లు అవే కారణం.

నెలకోసారి: పానా తీసుకుని వదులైన నట్లన్నీ బిగించండి. చక్రాన్ని నేల మీది నుంచి లేపి తిప్పితే ఊగకుండా, దేనికీ రాసుకోకుండా తిరగాలి. మడత పడే కీళ్లకు, బ్రేకు కీలుకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేసి, మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు. అది చలికి గడ్డకడుతుంది, దుమ్మును పట్టి జిడ్డు చేస్తుంది. టైరుకు, చేత్తో తిప్పే రింగుకు ఏ నూనే తగలకూడదు. ఫ్రేములో ఎక్కడైనా పగులు కనిపిస్తే సరిచేయించే వరకు ఆ కుర్చీ వాడకండి.

ఈ కుర్చీ మీదే స్నానం చేయించకండి. బేరింగులు తుప్పు పడతాయి, సీటు చివికిపోతుంది. స్నానానికి వేరే ప్లాస్టిక్ కుర్చీ ఉంచుకోండి.

కొందరు అనే మాటలు

"ఉచితంగా వచ్చింది, పాడైతే ఇంకొకటి వస్తుంది" అంటారు. కేంద్ర ప్రభుత్వ ఎ.డి.ఐ.పి. పథకం కింద సాయం పొందినవారు సాధారణంగా మూడేళ్ల వరకు మళ్లీ పొందలేరు. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఆ గడువు ఒక ఏడాది. ఆరు నెలల్లో కుర్చీ మూలపడితే మిగతా కాలమంతా ఆ మనిషి మంచం మీదే ఉండాలి.

"అది ఆసుపత్రి వాళ్ల పని" అని కూడా అంటారు. నేర్పడం మా పని, అందులో సందేహం లేదు. డిశ్చార్జి కాగితం తీసుకునే ముందే మా చేత దగ్గరుండి చేయించుకుని, మీరు చేసి చూపించి వెళ్లండి. అది మీ హక్కు. కానీ ప్రతి వారం గాలి చూడడానికి మేము మీ ఇంటికి రాలేం.

ఇక్కడ మగవారితో ఒక మాట. మంచాన ఉన్నవారిని ఎత్తడం, దించడం, కడగడం ఇంటి ఆడవాళ్ల మీదే పడుతోంది. మోటారు సైకిలు చూసుకునే చేతులు కుర్చీని కూడా చూసుకోగలవు. పదో తరగతి చదివే మనవడైనా చాలు. ఇంట్లో ఒకరి పేరు చెప్పి ఈ పని అప్పగించండి. అందరి పని అంటే అది ఎవరి పనీ కాదు.

సంఘాలకు మనవి

పండుగలకు, జ్ఞాపకార్థ దినాలకు వీల్‌చైర్లు దానం చేస్తున్న కుటుంబాలకు వందనాలు. ఈసారి పది కుర్చీలు ఇచ్చే చోట ఎనిమిదే ఇవ్వండి. మిగిలిన డబ్బుతో ప్రతి కుర్చీకి ఒక స్పాంజి దిండు, ఒక గాలి పంపు, ఒక పానా చేర్చండి. కొనే ముందు ఆ మనిషి తుంటి వెడల్పు, ఇంటి తలుపు వెడల్పు కొలవండి. ఇచ్చిన రోజున ఒక గంట కూర్చోబెట్టి నేర్పించండి, మూడు నెలలకు వెళ్లి చూసి రండి. ఎనిమిది మంది క్షేమంగా తిరగడం, పది కుర్చీల ఫోటో కంటే మేలు.

మన మందిరం గుమ్మాన్ని కూడా చూడండి. ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు చొప్పున వాలు కట్టాలి. ఆరంగుళాల మెట్లు మూడు ఉంటే 18 అడుగుల వాలు కావాలి. నాలుగడుగుల పలక వేసి వాలు కట్టామనుకుంటే అది జారుడుబల్లే అవుతుంది.

చివరిగా, కుర్చీలో కూర్చున్న వారిని అడగకుండా కుర్చీని తోయకండి. "అమ్మా, తోయమంటారా?" అని అడగండి. ఆయన చేతులతో ఆయనే తిప్పుకోగలిగితే అలాగే కానివ్వండి. కుర్చీలో ఏ చప్పుడు కొత్తగా వస్తోందో, ఏ పక్కకు లాగుతోందో అందరికంటే ముందు తెలిసేది కూడా వారికే. వారు చెప్పినప్పుడు "సర్దుకో" అనకుండా వినండి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వీల్‌చైర్ ఉంటే, ఈ పేజీ చదవడం అయిన వెంటనే వెళ్లి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూడండి.