చేపకి ఈక ధర తెలీదు

పోయిన డిసెంబర్‌లో నేనొక తప్పు చేశా. సెమిస్టర్ పుస్తకాలకని అమ్మ పంపిన రెండు వేల ఐదొందలు పెట్టి, విదేశాల నుంచి వచ్చిన కోడిపుంజు మెడ ఈకల ప్యాకెట్ ఒకటి కొన్నా. "ఈకలా? చికెన్ షాపులో అడిగితే ఊరికే ఇస్తాడు కదరా!" అన్నాడు మా రూమ్మేట్. వాడు చెప్పిందే కరెక్టని ఒప్పుకోడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్లై ఫిషింగ్‌లో వానపాముని ఎరగా గుచ్చరు. గాలం మీద దారం, ఈకలు, బొచ్చు చుట్టి పురుగులాంటి బొమ్మ చేస్తారు. ఆ బొమ్మే ఫ్లై, దాన్ని చుట్టడమే ఫ్లై టైయింగ్. ఎక్కువగా ట్రౌట్ చేపల కోసం చేస్తారు. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి కాబట్టి మన కృష్ణా గోదావరుల్లో ఉండదు. కాశ్మీర్, హిమాచల్, నీలగిరుల్లాంటి చోట్ల ఉంటుంది. అక్కడికీ బ్రిటిష్‌వాళ్ల కాలంలో తెచ్చి వదిలిందే. నేను మాత్రం వీడియోలు చూసి హాస్టల్ రూములో మొదలుపెట్టా.

ఏప్రిల్‌లో, చండీగఢ్‌లో ఉద్యోగం చేసే మా బాబాయి నన్ను హిమాచల్‌లోని తీర్థన్ నదికి తీసుకెళ్లాడు. లైసెన్సు తీసుకుని, నా ఖరీదైన ఫ్లైలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వేశా. ఒక్క చేప కూడా పడలేదు. మాతో వచ్చిన గైడ్ భయ్యా నా డబ్బా చూసి నవ్వాడు. నీళ్లలోంచి ఒక రాయి తీసి తిరగేశాడు. దాని అడుగున చిన్న చిన్న గోధుమరంగు పురుగులు పాకుతున్నాయి. మేఫ్లై అనే పురుగు పిల్లలవి. "చేప తినేది వీటిని. నీ డబ్బాలో ఇలాంటిది ఏది?" అని అడిగాడు. ఒక్కటీ లేదు. ఇన్‌పుట్ చూడకుండా కోడ్ రాసినట్టు, ఫోటోలో బాగున్నవన్నీ చుట్టుకొచ్చా. ఆయనిచ్చిన మామూలు గోధుమరంగు ఫ్లైకి సాయంత్రం ఒక ట్రౌట్ పడింది. చెయ్యి తడుపుకుని పట్టుకుని వదిలేశాం.

ఇంటికొచ్చాక ఫ్రాంక్ సాయర్ గురించి చదివా. ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆయన చేసిన ఫెజంట్ టెయిల్ నింఫ్‌కి కావలసినవి రెండే: ఫెజంట్ పక్షి తోక ఈక పోగులు, సన్నటి రాగి తీగ. దారం పనీ బరువు పనీ ఆ తీగే చేస్తుంది. ఏళ్ల తరబడి నీళ్లని చూసిన మనిషికి రెండు సరుకులు సరిపోయాయి.

దీనికి పూర్తిగా ఇంకో కొస కూడా ఉంది. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షి నమూనాలు దొంగతనం అయ్యాయి. వాటిలో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. తీసింది సంగీతం చదువుకునే ఇరవై ఏళ్ల కుర్రాడు. విక్టోరియా కాలం నాటి సాల్మన్ ఫ్లైలు చుట్టేవాళ్లలో ఆ ఈకలకి పిచ్చి గిరాకీ. తర్వాత కొన్ని నమూనాలు దొరికినా, చాలావాటికి ఎక్కడ, ఎప్పుడు సేకరించారో రాసిన చీటీలు లేవు. ఆ చీటీ లేకపోతే సైన్సుకి వాటి విలువ చాలావరకు పోయినట్టే. ఇంతా చేస్తే, గుడ్లు పెట్టడానికి నదిలోకొచ్చిన సాల్మన్ దాదాపు తిండే మానేస్తుంది. ఆ రంగులన్నీ మనిషి కంటికే. నన్ను భయపెట్టింది అతని వయసు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. నేను దొంగతనం చెయ్యలేదు, నిజమే. కానీ అమ్మ డబ్బు ఈకల మీద పెట్టినప్పుడు నాక్కూడా చేప గుర్తులేదు, నదీ గుర్తులేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: కొనడం నేర్చుకోవడం కాదు. ఎవరైనా తీర్థన్ వెళ్తే పైసా ఖర్చులేని టిప్స్ చెప్తా. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు చల్లగా ఉంటాయి, చేప అడుగునే ఉంటుంది. బరువున్న చిన్న ఫ్లై, ఎండెక్కాక వెయ్యండి. మే, జూన్‌లో మంచు కరిగి నీళ్లు మసకబారితే కాస్త పెద్ద ఫ్లై, ఒడ్డు పక్కన. వానాకాలం వరదలో దిగొద్దు. సెప్టెంబర్, అక్టోబర్‌లో నీళ్లు తేటపడతాయి, చేప మనల్ని చూసేస్తుంది, వంగి నడవండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అవి గుడ్లు పెట్టుకునే కాలం. అప్పుడు పట్టడం నిషేధం. ఇంట్లో కూర్చుని ఫ్లైలు చుట్టుకోండి.

ఇప్పుడు నేను చికెన్ షాపులో నాటుకోడి ఈకలు తెచ్చుకుంటున్నా. పెట్ట ఈక మెత్తగా ఉంటుంది, నీళ్లలో పురుగు కాళ్లలా కదులుతుంది. అమ్మకి నిజం చెప్పా, బాగానే తిట్టింది. పుస్తకాలు లైబ్రరీలో తీసుకుంటున్నా.

మీది కీబోర్డుల పిచ్చి కావచ్చు, కెమెరా లెన్సుల పిచ్చి కావచ్చు. కార్ట్‌లో వేసేముందు మీ నదిలో ఒక రాయి తిరగేసి చూడండి.